మూడు గిన్నెల సారు

"సారు పోయినాడంట, తెల్లారుజామున" అని నాతో చదివిన అబ్బాయి ఫోన్ చేసినప్పుడు, నేను పులివెందుల దగ్గర మా జ్యూస్ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి చీనీకాయల, అంటే బత్తాయిల, లారీలను లోపలికి పంపిస్తున్నాను. ఈ సీజన్‌కు అవే మొదటి లోడ్లు. "ఇంకొక్క వారం ఆగకూడదా సారూ!" అని పైకే అనేశాను. లారీ డ్రైవరు నా ముఖం చూసి హారన్ మానేశాడు.

ప్రొద్దుటూరు పాలిటెక్నిక్‌లో మాకు ఎవాపరేటర్లు చెప్పింది ఆయనే. పండ్లరసాన్ని వరసగా మూడు పాత్రల్లో కాచి చిక్కబెట్టే యంత్రం అది. బాయిలరు ఆవిరి మొదటిదానికే ఇస్తారు. అందులోంచి లేచిన ఆవిరి రెండోదాన్ని, రెండోదాని ఆవిరి మూడోదాన్ని కాస్తుంది. మేము తెల్లముఖం వేస్తే ఆయన నేరుగా వంటింట్లోకి పోయేవారు. "మీ అమ్మ పప్పు మీద మూకుట్లో నీళ్ళు పెడ్తాది గదా? పొయ్యి ఒకటే. పైన నీళ్ళు ఊరికే కాగినాయి. దాని మీద ఇంకో గిన్నె పెట్టినావనుకో, మూడు. ఇంగేంది మీకు తెలీంది?" అందుకే ఆయనకు మూడు గిన్నెల సారని పేరు పెట్టాం. ఆయనకూ తెలుసు.

మీలో ఎవరైనా ఈ యంత్రం లెక్క చేసి ఉంటే అదెంత విసిగిస్తుందో తెలుసు. తొందరపడితే ఆయనకు ఒళ్ళు మండేది. "నీళ్ళు పోతాయి, చక్కెర యాడికి పోతాది పాపా? ముందు దాన్ని పట్టుకో." లోపలికి వచ్చిన సరుకు, బయటికి పోయిన సరుకు సరిపోయాకే వేడి జోలికి రానిచ్చేవారు. ఏ పాత్రలో ఎంత నీరు ఆవిరవుతుందో ముందు తెలియదు కాబట్టి, అన్నింట్లో సమానమనుకొని మొదలుపెట్టాలి. వేడి లెక్క కుదరకపోతే దిద్దుకుంటూ పోవాలి. "మొదటి ఊహ తప్పే అయితాది. అయినా రాయి. రాయకుంటే దిద్దేదేముంది?" చదువయ్యాక కూడా ఈ మాట నాకు చాలా చోట్ల పనికొచ్చింది.

ఇంత చెప్పిన మనిషి, నడుస్తున్న మూడు పాత్రల యంత్రాన్ని ఒక్కసారైనా కళ్ళారా చూడలేదు. కాలేజీ ల్యాబులో ఉన్నది ఒంటిపాత్ర. రిటైరై సొంతూరు జమ్మలమడుగు చేరాక, నేను ఫోన్ చేసినప్పుడల్లా అదే పాట. "బోర్డు మీద కాచీ కాచీ శానా అయింది పాపా. నిజంగా కాగుతాంటే సూడాల."

పోయిన సీజన్లో, మేము అమ్మగారని పిలిచే తన భార్యను వెంటబెట్టుకొని బస్సులో వచ్చారు. తీరా ఆ రోజు లోడు రాలేదు. ధర పెరిగి కాయంతా తోటల దగ్గరే వ్యాపారులు ఎత్తుకుపోయారు. అందులో మా నాయన తోట కాయ కూడా! ధర పడినప్పుడే మా గేటు వైపు చూసేది రైతు. నాకు తల కొట్టేసినట్టయింది. సారు మొదటి పాత్రకు అరచెయ్యి ఆనించి, "సల్లగుంది" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి నవ్వారు.

"ముఖం అట్ల పెడ్తావేంది? ఇది సల్లగుందంటే మీ నాయన బాగుండాడని. నా మొదటి ఊహ తప్పింది, అంతే. మల్లా వస్తాలే."

వెళ్ళే ముందు పాత్రకున్న గాజు కిటికీని కండువాతో తుడిచి, ఏమీ లేని లోపలికి చాలాసేపు చూశారు.

ఈ ఏడు ధర పడిపోయింది. లారీలు బారులు తీరాయి. మూడు పాత్రలూ కాగాయి. అదే గాజులోంచి రసం పొర్లుతుంటే చూసి ఏడ్చాను. పక్కనున్న ఆపరేటరు ఆవిరి కొట్టిందేమో అనుకున్నాడు.

దినాలు ముగిశాక జమ్మలమడుగు వెళ్ళాను. అమ్మగారు పొయ్యి దగ్గరున్నారు.

"మీ మిషన్ నడుస్తాందా పాపా?"

"నడుస్తాందమ్మా."

ఆమె గరిటె పక్కన పెట్టారు. "అయితే మీ నాయనకు ధర రాలేదన్నమాట." మళ్ళీ గరిటె అందుకుంటూ అన్నారు. "ఉండి, వచ్చి సూసినా, ఆయనకు మనసొప్పేది కాదులే."

ఉడుకుతున్న పప్పు మీద మూకుట్లో నీళ్ళు కాగి, సన్నగా ఆవిరి లేస్తోంది. దాన్ని అందుకోవడానికి పైన ఇంకో గిన్నె లేదు.