పప్పు ఉడికితేనే నల్లగొండ

మా ఇంట్లో పెద్ద నిర్ణయం ఏదైనా అవ్వ నోటి నుంచి రావాల్సిందే. అవ్వ అంటే మా నాన్నను కన్నతల్లి; నాన్నను మేం బాపు అనేవాళ్లం. ముప్పై అయిదేళ్లు దాటినా ఆమె ముందు నిలబడి ఒక మాట చెప్పాలంటే బాపు నీళ్లు నమిలేవాడు. అందుకే నల్లగొండ కాలేజీలో చప్రాసీ పని ఉందని కబురు వచ్చినప్పుడు మూడు రోజులు ఆ సంగతి మేకలకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మాది మర్రిగూడ దగ్గర ఒక పల్లె. పద్నాలుగు మేకలు, ఒక జత ఎడ్లు, వానను నమ్ముకున్న కొంత చెలక. పక్క ఊరి సారు ఒకాయన ఆ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ఎండాకాలం సెలవుల్లో వచ్చి, కాలేజీ తెరిచేలోపు చేరితే పని నీదేనని బాపుతో అన్నాడు.

నాకు ఆ కాలేజీతో గానీ, ఆ ఉద్యోగంతో గానీ పని లేదు. నాకు కావలసింది ఆ ఊళ్లో ఆడపిల్లల బడి. ఏడో తరగతి దాకా రోజూ మర్రిగూడకు నడిచి చదివాను. ఆపైన చదవాలంటే చుట్టుపక్కల ఎక్కడా లేదు. పోతే నల్లగొండ, లేకపోతే మేకలు. మేకల మీద నాకేం కోపం లేదు, కానీ బతుకంతా వాటి తోకలు చూస్తూ నడవాలని లేదు. పైగా అమ్మ వైపు చుట్టం ఒకామె వచ్చినప్పుడల్లా నా వయసు అడగడం మొదలుపెట్టింది.

నాలుగో రోజు సంగతి బయటపడింది. ఇంక చూడండి, మా అరుగు మీదికి వచ్చిన ప్రతివాళ్లూ నల్లగొండను తూకం వేసినవాళ్లే. "ఆడ కట్టెపుల్ల సుత కొనాలె" అని ఒకరు. "కిరాయి ఇంట్ల మ్యాకను యాడ కడ్తవే?" అని ఇంకొకరు. ఆ ఊరి మొహం చూడనివాళ్లే ఎక్కువ మాట్లాడారు. అమ్మను ఎవరూ అడగలేదు. అమ్మ మాత్రం ఆ నెల ఇల్లు అలకడం మానేసింది. వదిలిపోయే ఇంటికి అలుకెందుకని ఆమె లెక్క.

అందరూ అయ్యాక అవ్వ ఒక్క మాట అడిగింది. "జీతం సంగతి నాకెందుకు గని, గాడి నీళ్లల్ల పప్పు ఉడుకుతదా?"

ఈ ప్రశ్నకు నవ్వినవాళ్లు మా ఊరి నీళ్లు తాగినవాళ్లు కారు. మా బావి నీళ్లలో కందిపప్పు పొద్దంతా ఉడికించినా పప్పు పప్పుగానే ఉండేది. పప్పు వండాలంటే వాగు దాకా పోయి, ఇసుకలో చెలిమె తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో తోడుకుని తేవాలి. మా పళ్లు కూడా పసుపు చారలు పడి ఉండేవి. అది నీళ్ల వల్లనని తెలియక మా వంశం గుణమనుకునేవాళ్లం. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం అప్పుడే అలవాటు చేసుకున్నాను. అవ్వ పుట్టింది కృష్ణ ఒడ్డున. అక్కడ పొయ్యి మీద పెట్టి ఇల్లు ఊడ్చేసరికి పప్పు వెన్నలా అయ్యేదట.

"నన్ను గీ ఊరికి ఇచ్చినప్పుడు ఇల్లు జూసిండ్రు, పశులను జూసిండ్రు. నీళ్లు జూసినోడు లేడు" అంది అవ్వ. "పోయి, గా కిరాయి ఇంటి బాయి నీళ్లు బిందెడు తీస్కరా కొడుకా. పప్పు వండుత. ఉడికితే పోదాం. ఉడకకుంటె గీ ముచ్చట మల్ల ఎత్తద్దు."

ముసలమ్మ దగ్గర మీ పప్పులుడకవని పక్కింటివాళ్లు బాపును ఆటపట్టించారు. బాపు నవ్వలేదు. మర్నాడు ఇత్తడి బిందె ఒకటి, నన్ను ఒకదాన్ని వెంటబెట్టుకుని బస్సెక్కాడు.

సారు చూపించిన ఇల్లు రెండు గదులు. పెరట్లో బావి. బాపు చేదతో తోడి బిందె నింపాడు. ఒక గుక్క తాగి చూద్దామని నేనంటే వద్దన్నాడు. అవ్వ కోసం తోడిన నీళ్లను ఆమె కంటే ముందు మనం రుచి చూడడం మర్యాద కాదట. మూతి మీద గుడ్డ కట్టి, బిందెను నా ఒళ్లో పెట్టాడు. దారిలో బడి గోడ చూపించాడు. ఎత్తయిన గోడ, లోపల ఆడపిల్లల కేకలు. సెలవుల్లో కేకలెక్కడివని ఇప్పుడు అనుమానం వస్తుంది కానీ, నేను విన్నమాట నిజం.

తిరుగు బస్సులో ఎండ కాల్చేస్తోంది. మునుగోడు దాటకముందే చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె బిందెకేసి చూసింది. "చెల్లె, జర నీళ్లు పొయ్యవా" అని నన్నే అడిగింది. మా దిక్కున తాగే నీళ్లు లేవనడం కన్నా పెద్ద పాపం లేదు. ఇవి తాగే నీళ్లు కావు, పప్పు నీళ్లు అని ఎలా చెప్పను? బాపు గుడ్డ విప్పాడు. ఆమె దోసిలి పట్టింది. ఆమె తాగితే పక్కనున్న తాత ఊరుకుంటాడా? తాత తాగితే వెనక సీటు కల్లు గీసే ఆయన? కండక్టరు కూడా టిక్కెట్ల సంచి వెనక్కి తోసుకుని దోసిలి పట్టాడు. అడుగున మిగిలిన నీళ్లను నేను రెండు చేతులా కావలించుకుని కూర్చున్నాను. అప్పుడు బస్సు ముక్కులోంచి పొగలు వచ్చాయి. డ్రైవరు దిగి, మూత తీసి, నా దగ్గరికి వచ్చాడు. "బిందె ఇయ్యి బిడ్డా. లేకుంటె అందరం గీన్నే పండాలె."

అలా మిగిలింది బస్సు తాగింది.

నాకు ఏడుపు ఆగలేదు. చండూరులో బస్సు ఆగినప్పుడు బాపు దిగి, అక్కడి బావిలో బిందె నింపుకొచ్చి మళ్లీ గుడ్డ కట్టాడు. "నీళ్లు నీళ్లే" అన్నాడు. తల్లికి అబద్ధం చెప్పడం ఆయనకు అదే మొదలనుకుంటాను. చెవులు ఎర్రబడ్డాయి.

మా ఊరి రోడ్డు మీద దిగేసరికి అవ్వ మిరపకాయ బజ్జీలు వేసే ఆయన పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నూనె వాసన పడదని ఆ దిక్కుకే పోని మనిషి. మమ్మల్ని చూసి కొంగు ముడి బిగించుకుంటూ లేచింది. మా కోసమే వచ్చిందనుకున్నాం.

మర్నాడు అవ్వ ఎవరినీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. అమ్మను కూడా చెలకకు పంపింది. మధ్యాహ్నానికి పిలిచి, నలుగురి ముందు గరిటెతో పప్పు తీసి, వేళ్ల మధ్య నలిపి చూపించింది. మెత్తగా జారిపోయింది.

"ఉడికింది. పోదాం" అంది.

"పప్పుల బజ్జీల వాసనొస్తాంది" అన్నాడు తమ్ముడు. మూసుకుని తినమంది అమ్మ. బాపు నా వైపు చూశాడు, నేను పళ్లెం వైపు చూశాను. తిన్నాక మేకల దొడ్డి వెనక్కి పోయి ఏడ్చాను. సంతోషం సగం, భయం సగం. అక్కడికి పోయాక నిజం బయటపడితే అవ్వ వెనక్కి పోదామంటుంది. అప్పుడు బడి ఉండదు.

ఎడ్లను అమ్మేశారు. మేకలను అవ్వ తన చెల్లెలి ఇంట్లో వదిలింది, పుట్టే పిల్లల్లో సగం వాళ్లకు, సగం మాకు అని. ఒక్కొక్క మేక చెవి పట్టుకుని నిమిరింది. మేకలు కాసే కర్ర మాత్రం వాళ్లకు ఇవ్వకుండా వెంట తెచ్చుకుంది.

నల్లగొండలో దిగిన రోజే పొయ్యి మీద పప్పు ఎక్కింది. పొద్దు గుట్ట మీదికి ఒరిగింది గానీ పప్పు కదల్లేదు. అవ్వ ఒక పలుకు నోట్లో వేసుకుని కటుక్కున కొరికింది. ఇంక దాచలేక చెప్పేశాను.

"అవ్వా, నువ్వు ఆడ వండినయి గీ బాయి నీళ్లు కావు. గవి బస్సుల తాగిండ్రు. నువ్వు వండినయి చండూరు నీళ్లు."

బాపు గడపలో నిలబడి ఉన్నాడు. అవ్వ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని కదిలి కదిలి నవ్వింది.

"చండూరు నీళ్లల్ల పప్పు ఉడుకుతదని ఎవరు జెప్పిండ్రే? బజ్జీలాయన తాన తినే సోడ అడుక్కొచ్చి ఏసిన. ఉడకకుంటె ఇంకింత ఏసిన."

బాపు గడప మీదే కూలబడ్డాడు. "మరి నీళ్లెందుకు తెమ్మన్నవే అవ్వా?"

"నువ్వు నన్ను ఇడిసి పోలేవు, రమ్మని అడగలేవు. నేనే పోదామంటె, ముసల్ది మ్యాకలను ఇడిసి పట్నం పోతాందని ఊరంత నవ్వు. పప్పు మీద పెట్టిన. పప్పుకేం సిగ్గు?"

"ఈడ నీళ్లు గిట్లుంటయని తెల్వదా నీకు?" అన్నాను నేను.

"పట్నం బాయి తియ్యగుంటదా ఏంది?" అంటూ అవ్వ గిన్నె దించింది. "బడి యాడుంటె నీళ్లు ఆడ్నే తాగాలె బిడ్డా."

ఆ రాత్రి అన్నంలో పచ్చిపులుసు పోసుకుని తిన్నాం. తెల్లారి బాపు నన్ను బడిలో చేర్చడానికి తీసుకుపోతుంటే, మోకాళ్లు వంగకపోయినా అవ్వ కర్ర పట్టుకుని వెనకే వచ్చింది. పేరు రాసుకున్నారు, బాపు పనికి పోయాడు, అవ్వ పోలేదు. మేకలను మేతకు వదిలి కూర్చున్నట్టే గేటుకు ఎదురుగా గోడ నీడలో కూర్చుంది. మధ్యాహ్నం గంట కొట్టాక నేను బయటికి వచ్చేసరికి కూడా అక్కడే ఉంది.