పిన్ని తోమిన ఇత్తడి ఉంగరాలు

టాటానగర్ బర్మామైన్స్‌లోని మా ఇంటికి ఈ నెల సున్నం వేయిస్తున్నాం. అటక ఖాళీ చేస్తుంటే ఒక అట్టపెట్టెలోంచి నా ఇంజనీరింగ్ ప్రాజెక్టు బయటపడింది. చెక్కకు చెదలు లేవు, మోటారు తుప్పు పట్టింది, వైర్లు ఎలకలు కొరికాయి. ఏ వస్తువు కనబడినా దాని స్థితిగతులు ఇలా వరస కట్టి చెప్పడం చదువు నాకు అంటించిన జబ్బు. ఇంట్లోవాళ్ళు ఓర్చుకుంటారు.

అది బోల్టుల్ని బరువును బట్టి వేరుచేసే యంత్రం. గుండ్రటి బల్ల తిరుగుతూ ఉంటుంది, దాని మీదున్న చిన్న చెయ్యి ఒక్కో బోల్టునూ తూచి దాని గిన్నెలోకి నెడుతుంది. మోటారూ బల్లకే బిగించి ఉంది; అలా తిరిగే బల్లకు మామూలు తీగతో కరెంటు ఇస్తే తీగ మెలిపడి తెగుతుంది. అందుకని ఇరుసుకు ఇత్తడి ఉంగరాలు తొడిగి, వాటిని ఆనుకునేలా పల్చటి రేకులు బిగించాం. ఉంగరం తిరుగుతుంది, రేకు కదలదు, కరెంటు మాత్రం అందుతుంది. పాత గొట్టం కోసి, ఆకురాయితో అరగదీసి ఆ ఉంగరాలు చేసింది నేనే. నాలుగేళ్ళ చదువులో మొదటినుంచి చివరిదాకా నా చేత్తో చేసిన వస్తువులు అవే. పుస్తకంలో లోహాల గురించి ఎంత చదివినా, ఇత్తడి ఆకురాయి కింద ఎంత మెత్తగా లొంగుతుందో వేళ్ళకు తెలియడం వేరే చదువు.

కాలేజీ ల్యాబు సాయంత్రం కాగానే మూసేసేవారు. మా ఇంట్లో ప్లగ్గు పక్కన వెడల్పాటి గట్టు వంటింట్లోనే ఉంది. అమ్మ బడిలో టీచరు కాబట్టి వంటిల్లు పూర్తిగా మా పిన్ని ఏలుబడిలో ఉండేది. ఆ గట్టుకు ఒక చివర పిన్ని చేపల వేపుడు, రెండో చివర నా యంత్రం. నా ప్రాజెక్టు జోడీ ఇదే ఊళ్ళోని కాసిడీహ్ పేట కుర్రాడు. వాడిదీ తెలుగిల్లే గాని పిన్ని ఏమడిగినా హిందీలోనే జవాబిచ్చేవాడు.

“ఏట్రా బాబూ, మీ బల్ల ఇంకా తిరగదేటి?”

“ఘూమేగా ఆంటీ, టెన్షన్ మత్ లీజియే.”

“నాకేటి టెన్సను? నా పొయ్యి బాగానే ఎలుగుతోంది.”

టెన్షను మాదే. మే నెలలో, వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షకురాలి ముందు మా బల్ల సగం తిరిగి ఆగిపోయింది. తడితే కదిలింది, మళ్ళీ ఆగింది. సెప్టెంబరులో ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ పోతే డిగ్రీ ఏడాది వెనక్కి జరుగుతుంది, ఇద్దరికీ చేతిదాకా వచ్చిన ఉద్యోగాలు డిగ్రీ లేకపోతే చేజారతాయి. వేసవంతా అనుమానితుల్ని వరసగా పట్టుకున్నాం: బ్యాటరీ, మోటారు, టంకాలు, ప్రోగ్రాం. అన్నీ మార్చాం. బల్ల మాత్రం తన అలవాటు మార్చుకోలేదు. ఉంగరాల జోలికి పోలేదు. సొంత పిల్లల్ని ఎవరు అనుమానిస్తారు?

రెండో పరీక్ష సరిగ్గా విశ్వకర్మ పూజ మర్నాడు పడింది. ఈ ఊళ్ళో ఆ పూజ సంగతి తెలిసినవాళ్ళకి నా కష్టం అర్థమవుతుంది. పనిముట్లను కడిగి, బొట్టు పెట్టి, దండ వేశాక మర్నాటిదాకా వాటిని ఎవరూ ముట్టుకోరు. మా నాన్న టాటానగర్ రైల్వే షెడ్డులో ఫిట్టరు. ఆ రోజు ఇంట్లో స్క్రూడ్రైవరు పేరెత్తినా ఊరుకోరు. పూజకు ముందే ఇంకోసారి విప్పి చూద్దామనుకుని, స్నానం చేసి వచ్చేసరికి నా యంత్రం వంటింట్లో లేదు. ముందుగదిలో పీట మీద, నాన్న స్పానర్లకీ అమ్మ కుట్టుమిషనుకీ మధ్య, బంతిపూల దండతో కూర్చుని ఉంది. ఉంగరాలు బంగారంలా మెరుస్తున్నాయి.

“పిన్నీ! దీన్నేం చేశావు?”

“ఏటి సేత్తాను, తోమినాను. దేవుడి ముందరెట్టే ఇత్తడి అలాగ మసోడుతూ ఉంటాదేటి? సింతపండెట్టి రుద్ది, నీల్లతో కడిగి, గుడ్డతో తుడిసీసినాను.”

“అది గిన్నె కాదు పిన్నీ, మిషను!”

“ఇత్తడి ఇత్తడేరా.”

టంకాల్లోకి నీళ్ళు పోయాయా? రేకులు వంగాయా? స్విచ్చు మీదికి చెయ్యి చాచాను. “సెయ్యి తియ్యి,” అన్నారు నాన్న. “బొట్టెట్టీసినాక ముట్టుకోకూడదు. రేపు సూసుకుందువు.” జోడీకి ఫోను చేస్తే వాడూ ఆ పక్షమే: “ఆజ్ హాథ్ మత్ లగా యార్, పాప్ లగేగా.” ముట్టుకుంటే పాపమట. సాయంత్రం నాన్న షెడ్డుకి తీసుకెళ్ళారు. దండలు వేసుకుని నిలబడ్డ ఇంజన్లను ఊరంతా వచ్చి చూస్తోంది. నాకు ప్రసాదంగా పెట్టిన బూందీ కూడా చేదుగా ఉంది.

మర్నాడు స్నానం కూడా చేయకుండా స్విచ్చు వేశాను. బల్ల తిరిగింది. ఆగుతుందని చూశాను, ఆగలేదు. పాలు పొంగి పొయ్యి ఆరినా పిన్నీ నేనూ కదల్లేదు. వేపుడు పొగలోని నూనె ఏడాదిగా ఉంగరాల మీద పొరలా పేరుకుందని అప్పుడు తట్టింది. చేసింది పిన్ని మూకుడే, విరుగుడూ పిన్ని చింతపండే.

కాలేజీకి అదే పరీక్షకురాలు వచ్చారు. బల్ల ఆగకుండా తిరగడం చూసి, ఏం మార్చారని హిందీలో అడిగారు. ఉంగరాలు తోమామన్నాను. ఎవరు తోమారంటే మా పిన్ని అన్నాను. ఆవిడ నవ్వలేదు.

“కారణం అదేనని ఎలా చెప్తావు? మళ్ళీ చెడగొట్టి చూపించు.”

“పాగల్ హో గయా క్యా?” అని జోడీ నా మోచెయ్యి పట్టుకున్నాడు. నడుస్తున్నదాన్ని చేతులారా ఆపితే, మళ్ళీ నడవకపోతే? కాని అడిగింది న్యాయమే. టిఫిన్ డబ్బాలో పూజనాటి పూరీలున్నాయి. ఒక పూరీ తీసి వేలికి నూనె అంటించుకుని ఉంగరం చుట్టూ రాశాను. బల్ల సగం తిరిగి, మే నెలలో లాగే ఆగింది. స్పిరిట్ గుడ్డతో తుడిచి స్విచ్చు వేశాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత బల్ల కదిలింది, చెయ్యి మొదటి బోల్టును దాని గిన్నెలోకి నెట్టింది.

“మే నెలలో మార్కులు పోయింది ఆగినందుకు కాదు,” అన్నారు ఆవిడ సంతకం పెడుతూ. “ఎందుకు ఆగిందో మీరు చెప్పలేకపోయినందుకు.”

జోడీ నాతో మొట్టమొదటిసారి తెలుగులో మాట్లాడాడు: “బతికిపోయాంరా.”

ఇద్దరం నడుచుకుంటూ సాక్చీ బజారు దాకా వచ్చాం. విశ్వకర్మ విగ్రహాలను నిమజ్జనానికి తీసుకెళ్తున్న లారీలు డప్పులతో సువర్ణరేఖ నది వైపు పోతున్నాయి. రోడ్డు దాటే తొందర లేక ఆగి చూస్తూ నిలబడ్డాం. మే నుంచి సెప్టెంబరు దాకా నేను మోసిన ఆ కాలం ఎంత బరువో, దించుకున్నాక భుజాలు చెప్పాయి. మోస్తున్నన్నాళ్ళూ అవి కేవలం క్యాలెండరులో నెలలే అనుకున్నాను.