కళ్ల చుట్టూ బొగ్గు

చిన్నప్పుడు తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి నన్ను బడి మాన్పించారు. ఈమధ్యే మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను, అందుకే ఇది ఇప్పుడు రాస్తున్నాను.

నిన్న మనవడు, "ఇప్పటి కామిక్స్‌ల కథేడిదే? సినిమాలే నయం," అని వాళ్లక్కతో వాదిస్తుంటే, నా చిన్నప్పుడు మేమున్న పద్మాపూర్‌లో మా అన్న తెచ్చిన బొమ్మల పుస్తకం గుర్తొచ్చింది. అందులో వీరుడి కళ్ల చుట్టూ నల్లగా ఉండేది. గని నుంచి వచ్చి స్నానం చేసినా మా బాపు కళ్ల చుట్టూ బొగ్గు అలాగే ఉండేది.

"ఈయన గూడ గనిల పనిచేస్తడు. బాపు లెక్కనే ఉన్నడు," అన్నాను.

అన్న నవ్వాడు. "బాపు ఎగురుతడా ఏందే? గీయనకైతే వీపు మీద గుడ్డ ఉన్నది."

మాటలు చదవడం వచ్చి ఉంటే నాకా పోలిక కనిపించేది కాదేమో.

మర్నాడు పొద్దున బాపు డ్యూటీకి బయలుదేరుతుంటే ఆయన మెడకు తువ్వాల కట్టి వీపు మీదికి వదిలాను. ఆయన విప్పకుండానే సైకిలెక్కాడు. అది గాలికి లేస్తుంటే వెనకాలే మలుపు దాకా పరుగెత్తాను.