గిటార్‌లో తాటాకు ముక్క

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మా ఊరు ఆనందపురం దగ్గర. నా చిన్నప్పుడు అక్కడ ఎవరికి జ్వరమొచ్చినా గాలి సోకిందని వేపమండలు పట్టుకుని బయల్దేరేవారు. నేను మాత్రం మాత్ర మింగి దుప్పటి కప్పుకుని పడుకునేవాణ్ణి. అలాంటివాణ్ణి ఇది రాయడానికి కూర్చున్నానంటే, ఎంత గింజుకుని కూర్చున్నానో మీరే అనుకోండి.

ఎనభైల మొదట్లో సంగతి. స్టీల్ ప్లాంటు ఇంకా కడుతున్నారు. నేను అక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర ఫిట్టరుని. గాజువాకలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. అమ్మ, అన్న సూరిబాబు, వదిన పార్వతి, నేను. నాన్న అప్పటికే పోయాడు. అన్న ఫిషింగ్ హార్బరులో ఒక మరబోటుకి డ్రైవరు. వేటకి వెళితే వారం పైగా సముద్రం మీదే ఉండేవాడు. ఒడ్డుకొచ్చాడంటే మాత్రం ఒళ్ళో గిటార్ ఉండాల్సిందే.

పోర్టుకొచ్చిన ఒక విదేశీ నావికుడి దగ్గర కొన్న గిటార్ అది. పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రా వాళ్ళకి మనిషి తక్కువైతే అన్నని పిలిచేవారు. గట్టిగా మీటేవాడు. మూడో తీగని ఎప్పుడూ వెంట్రుకవాసి దించి శ్రుతి చేసేవాడు. అది తప్పు అని నేను ఏడిపించేవాణ్ణి. వినేవాడు కాదు.

విశాఖపట్నం గాలికి గిటార్ కుదురుగా ఉండదు. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. తీగలు పైకి లేచిపోతాయి. వాటిని నొక్కలేక వేళ్ళు చిట్లిపోతాయి. తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర, గాడిలో ఒక చిన్న ఎముక పట్టీ ఉంటుంది. దాని అడుగు అరగదీస్తే తీగలు కిందికి దిగుతాయి. కింద ఏదైనా దూర్చితే పైకి లేస్తాయి. అరగదీత ఎక్కువైనప్పుడు అన్న దూర్చేది తాటాకు. అమ్మ విసనకర్ర అంచు కోసి, ఆ ముక్కని ఒక కొస మందంగా, ఒక కొస పలచగా బ్లేడుతో గీకి పట్టీ కింద పెట్టేవాడు. అమ్మ తిట్టిపోసేది. మా ఇంట్లో అంచు తెగని విసనకర్ర ఉండేది కాదు.

"పని తెలిసిన మెకానిక్కుకి ఇవ్వరాదా" అని నేనంటే ఎప్పుడూ ఒకటే జవాబు.

"ఆడు ఆడి సేతికి తగ్గట్టు సేసి ఇత్తాడ్రా. వోయించీది నాను కదా!"

నేను ఫిట్టరుని కాబట్టి నాకది చాదస్తంగా తోచేది. ఎవడి పని వాడు చేయాలని నా వాదన. ఆ వాదన ఎప్పుడూ తేలలేదు.

తర్వాత తుఫాను వచ్చింది. అన్న బోటు తిరిగి రాలేదు. ఇద్దరు కళాసీల శవాలు భీమిలి వైపు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. అన్న దొరకలేదు. నేను పనికి సెలవు పెట్టి ఒడ్డు పొడుగునా తిరిగాను. ఏ ఊళ్ళో శవం తేలిందన్నా పరిగెత్తాను. అన్న కాదని తెలియగానే ప్రాణం లేచొచ్చేది. ఆ మరుక్షణం, మరి అన్న ఏడీ అని మళ్ళీ కూలబడేవాణ్ణి.

ఏడాది దాటాక ఊరి పెద్దలు వచ్చి కూర్చున్నారు. ఇక కర్మ చేసేయాలన్నారు. అన్నకి పిల్లల్లేరు. గుండు కొట్టించుకుని చేయాల్సింది నేనే. వదిన తలుపు వెనక నిలబడి అంతా విన్నది. ఏడవలేదు. వాళ్ళు వెళ్ళాక గోడకున్న గిటార్ దించి నా ముందు పెట్టింది.

"తీగలు సూడు బాబూ, ఎంతెత్తు లెగిసిపోనాయో. మీ అన్నొచ్చి సూత్తే ఏటనుకుంతారు? ముందు దీన్ని బాగుసేయించు."

ఆమె అన్నది అంతే. నాకు పిచ్చి పట్టింది. పిచ్చే అది, ఇంకో మాట లేదు. గిటార్ బాగైతే అన్న వచ్చేస్తాడని, బాగవకపోతే ఇక రాడని మనసులో ఎలాగో ముడిపడిపోయింది. అది బాగయ్యేదాకా కర్మ మాట ఎత్తొద్దని పెద్దలకి కబురు పంపాను. వాళ్ళు నన్ను చూసి జాలిపడ్డారు.

ఆ రోజుల్లో విశాఖపట్నంలో గిటార్ బాగుచేసేవాణ్ణి వెతకడమంటే ఏమిటో పడ్డవాడికే తెలుస్తుంది. వన్ టౌన్లో ఒక హార్మోనియం మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి గాలి తిత్తేదయ్యా?" అన్నాడు. సంగీతం సామాన్లమ్మే దుకాణం వాళ్ళు మద్రాసు పంపించమన్నారు. తగరపువలసలో వయొలిన్లు బాగుచేసే ఆయనున్నాడని విని వెళితే, ఆయన తన కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు, ఎప్పుడొస్తాడో తెలీదన్నారు. ప్రతి ఆదివారం గిటార్ భుజాన వేసుకుని బస్సెక్కడం, దాన్ని అలాగే తెచ్చి గోడకి తగిలించడం. వదిన గుమ్మంలోనే నిలబడి నా మొహం చూసేది.

చివరికి విసిగిపోయి నేనే చేద్దామని కూర్చున్నాను. ఇనుముకి నూలుపోగంత తేడా లేకుండా ఆకురాయి పట్టేవాణ్ణి, ఈ ఎముక ముక్క ఒక లెక్కా అనుకున్నాను. తీగలు విప్పి, పట్టీ లాగి, అడుగు రుద్దాను. ఎముక ఇనుము కాదు. నాలుగు రుద్దులు ఎక్కువ పడ్డాయి. తీగలు బిగించి మీటితే ఒక్క స్వరం పలకలేదు. ప్రతి తీగా గిటార్ మెడ మీది మెట్లకి తగిలి ఈగలు ముసిరినట్టు బర్రుమంది. అన్న గిటార్ గొంతు నా చేతులతో నేనే నులిమేశాను.

అన్న కనబడకుండా పోయాక వదిన గొంతెత్తి ఏడవడం మొదటిసారి ఆ రోజే విన్నాను. నేను తీగలన్నీ మళ్ళీ విప్పేసి ఒక పొట్లంలో చుట్టి నా ట్రంకు పెట్టెలో పడేసి తాళం వేశాను. దాని తాళంచెవి నా మొలతాడుకే ఉండేది. తీగల్లేని గిటార్ని పాత దుప్పట్లో చుట్టి, తాడుతో బిగించి, అటక మీదికి తోసేశాను. కళ్ళెదుట ఉంటే చూడలేకపోయాను.

ఆ తర్వాత ప్లాంటులో ఒకతను చెప్పాడు. జ్ఞానాపురంలో ఫ్రాన్సిస్ అని రిటైరైన రైల్వే గార్డు ఉన్నాడు, వయసులో రైల్వే వాళ్ళ డాన్సులకి గిటార్ వాయించేవాడు, బాగుచేయడంలో అంతటివాడు లేడని. అంతవరకూ ఆయన పేరు ఒక్కరూ ఎందుకు చెప్పలేదో నాకు తెలీదు. ఆ తర్వాతి ఆదివారమే అటక మీంచి మూట దించాను. తాడు నేను వేసిన ముడితోనే ఉంది. మూట విప్పకుండా పట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను.

సింధియా దాటాక బస్సు ఒక గోతిలో పడింది. నా ఒళ్ళో మూటలోంచి సన్నగా ఒక మోత వచ్చింది. అలలాగా వచ్చి ఆగింది. పక్కనున్న పెద్దాయన కూడా మూట వైపు చూశాడు. తీగల్లేని గిటార్ ఎలా మోగుతుంది? బస్సు రేకు అదిరి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. అయినా కాన్వెంటు జంక్షన్‌లో దిగేదాకా ఆ మూటని మళ్ళీ కదపకుండా పట్టుకుని కూర్చున్నాను.

ఫ్రాన్సిస్ గారు వరండాలో కూర్చుని టీ తాగుతున్నారు. చిరాకు మనిషి. మూట ఆయనే విప్పారు.

తీగలు బిగించి ఉన్నాయి.

ఆరు తీగలూ. అవే తీగలు, సముద్రపు గాలికి తుప్పెక్కినవి, నేను విప్పి పెట్టెలో పెట్టినవి. ఆయన వేళ్ళతో ఒకసారి దువ్వారు. వరండా అంతా మోగింది. బర్రుమనలేదు. ఆయన నా మొహం చూసి కోప్పడ్డారు.

"ఏమయ్యా, ఆదివారం పూట నాతో వేళాకోళమా? దీనికేం రోగం? శుభ్రంగా ఉంది కదా! మూడో తీగ వెంట్రుకవాసి దిగి ఉంది, అంతే."

ఒకసారి పట్టీ తీసి చూపించమని బతిమాలాను. ఆయన సణుగుతూనే తీగలు వదులుచేసి పట్టీ లేపారు. దాని కింద తాటాకు ముక్క ఉంది. ఒక కొస మందం, ఒక కొస పలచన. గీకినచోట ఆకు ఇంకా తెల్లగా ఉంది.

"ఇదెవడో ఈ మధ్యే చేశాడు. వాడి చేతికి సరిపడా చేసుకున్నాడు. గట్టిగా కొట్టే చెయ్యి వాడిది. నీకు పనికిరాదు" అని మళ్ళీ బిగించి ఇచ్చేశారు.

నేను ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. బస్సులో ఏడ్చాను, అది గుర్తుంది. సంతోషంతోనే ఏడ్చాను. అన్న బతికే ఉన్నాడు, ఇంటికొచ్చాడు, ఎందుకో మాకు కనబడకుండా వెళ్ళాడు, వెతికితే దొరుకుతాడు. అప్పుడు నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు.

ఇంటికొచ్చి ముందు ట్రంకు పెట్టె తీశాను. తాళం వేసినట్టే ఉంది. పొట్లం ఉంది. లోపల ఏమీ లేదు.

వదినని అడిగాను. తన పుస్తెలు పట్టుకుని, తను ముట్టుకోలేదని ఒట్టు పెట్టింది. ఆమెకి తీగ బిగించడమే రాదు. అమ్మకి సూదిలో దారం కనబడదు. మూట అటక మీదున్నన్నాళ్ళూ అమ్మ ఇల్లు వదిలి వెళ్ళలేదు, బయటివాళ్ళు వచ్చే వీల్లేదు. ఒకవేళ నాకే మతి తప్పి, నేనే చేసి మరిచిపోయానా? ఎన్నిసార్లో అలా అనుకున్నాను, అలా అయినా బాగుండునని. కానీ పట్టీ పాడుచేసింది నేను. అన్న చేతికి సరిపోయేలా పెట్టడం నావల్ల ఎలా అవుతుంది?

అమ్మ గోడకి ఆనుకుని విసురుకుంటోంది. నా చూపు ఆమె చేతిలోని విసనకర్ర మీద పడింది. అది ఆ వేసవిలో కొన్నది. అన్న కనబడకుండా పోయాక కొన్నది. దాన్ని కోసేవాడు ఇంట్లో లేడు. దాని అంచున వేలెడు ముక్క తెగి ఉంది.

నేను చెయ్యి చాచి చూపించాను. అమ్మ ఆ అంచుని తడిమింది. చాలాసేపు తడిమింది. వదిన దగ్గరికొచ్చి చూసి, నవ్విందో ఏడ్చిందో చెప్పలేను.

"సెప్పేను కదా బాబూ. వచ్చేరు. మీ అన్న వచ్చేరు."

అమ్మ తల అడ్డంగా ఊపింది. అంతవరకూ కర్మ మాటెత్తితే పెద్దల మీద విరుచుకుపడిన మనిషి. ఆ రోజు విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని, నా వైపు చూడకుండా అంది.

"బతికున్నోడైతే అమ్మ సేతి కూడు తినకుండా ఎల్లిపోతాడేట్రా? కర్మ సేసీ నాన్నా. ఆకలి మీదున్నాడు."

"తినడానికే మళ్ళీ వత్తారు అత్తా" అంది వదిన.

నేను బయటికి పరిగెత్తాను. వీధిలో ప్రతి ఇంటినీ అడిగాను. హార్బరుకి వెళ్ళి ప్రతి బోటు దగ్గరా అన్న గుర్తులు చెప్పి అడిగాను. ఆసుపత్రుల్లో చూశాను. మతిపోయి తిరుగుతున్నవాళ్ళ మొహాలు కూడా వదల్లేదు. అన్నని చూశానన్నవాడు ఒక్కడు దొరకలేదు.

అమ్మ పోయి చాలా కాలమైంది. ఆఖరి రోజుల్లో కూడా కర్మ చేయమనే అడిగింది. నేను తల ఊపి ఊరుకున్నాను. వదిన నా దగ్గరే ఉంటుంది, బొట్టు తీయలేదు. గిటార్ గోడకే ఉంది. మళ్ళీ తీగలు పైకి లేచిపోయాయి. దాన్ని నేను ముట్టుకోలేదు, ఇప్పుడు ఊరినిండా ఉన్న మెకానిక్కులకీ ఇవ్వలేదు. వేసవి రాగానే వదిన ఒక కొత్త విసనకర్ర కొని దాని పక్కనే మేకుకి తగిలిస్తుంది. ఇంట్లో ఫ్యాన్లుండగా ఇదెందుకని ఎవరూ అడగరు. ఆమె చూడనప్పుడు నేను దాని అంచు తడిమి చూస్తాను. ఆ తర్వాత ఎప్పుడూ తెగలేదు.

ఇది విన్నవాళ్ళు కొందరు మీ అన్న ఆత్మే వచ్చిందంటారు. వాళ్ళ మీద నేను కోపంతో అరుస్తాను. ఏం జరిగిందో నాకు తెలీదు, ఎవరైనా చెప్పగలిగితే వింటాను. ఆ ఒక్క మాట తప్ప. అది నమ్మితే రేపు పొద్దున్నే లేచి నేను గుండు కొట్టించుకోవాలి.