కెంపమ్మ పట్టుపురుగులు

కోవిడ్ రోజుల్లో చింతామణి ఆస్పత్రిలో నర్సుగా ఉన్న శ్రీరంజనిని, ఆక్సిజన్ మీదున్న కెంపమ్మ పదేపదే బతిమాలేది. “ఇంటికి ఫోన్ చేసి, పట్టుపురుగులు గూళ్లు కట్టినాయా అడగమ్మా.”

పీపీఈ సూటులో ఉడికిపోతూ పరుగులు పెడుతున్న శ్రీరంజని ఒకసారి కసురుకుంది. “ఊపిరాడేదే కష్టంగా ఉండాది, ఇప్పుడు పురుగుల గోల ఎందుకమ్మా నీకు?”

కెంపమ్మ మళ్లీ అడగలేదు. తెల్లారేసరికి పోయింది. ఆ కబురు చెప్పడానికి శ్రీరంజనే ఫోన్ చేసింది. ఆమె నోరు విప్పకముందే అవతల కొడుకు సంబరపడ్డాడు. “గూళ్లు బాగా కట్టినాయని మాయమ్మకు చెప్పమ్మా!”

ఇప్పటికీ డ్యూటీ దిగి బస్సులో ఇంటికి పోతూ, శిడ్లఘట్టలో పట్టుగూళ్ల మార్కెట్ కనబడగానే శ్రీరంజని కళ్లు మూసుకుంటుంది. పాపం, అలిసిపోయి నిద్రపోతోందనుకుని పక్కవాళ్లు గొంతు తగ్గిస్తారు. ఎవరూ ఆమెను కసురుకోరు.