బాలమ్మ అవ్వ జొన్నరొట్టె

2019లో నేను మహబూబ్‌నగర్‌లో బాలమ్మ అవ్వ ఇంట్లో కేర్‌టేకర్‌గా చేరాను. అంటే మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళను ఇంట్లోనే ఉండి చూసుకునే పని. నేను చదివింది నాలుగో తరగతి వరకే. రాయడం ఇదే మొదలు, భయంగానే ఉంది. అయినా ఈ సంగతి చెప్పాలని ఉంది.

అవ్వ బస్టాండు దగ్గర ఏళ్ళ తరబడి జొన్నరొట్టెలు అమ్మింది. ఇప్పుడు ఆ పని కూతురు యాదమ్మ చేస్తోంది. అవ్వకు అల్జీమర్స్ అని డాక్టరమ్మ చెప్పింది. పిండిలో ఉప్పు వేసి, వేసింది మరిచి మళ్ళీ వేసేది. ఒకరోజు పొయ్యి మంటకు కొంగు అంటుకుంది. యాదమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి అవ్వను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. అవ్వ వంటింటి గడప మీద కూర్చుని, "నా పొయ్యి నాకియ్యి" అనేది. అన్నం ముట్టేది కాదు. రోజురోజుకూ చిక్కిపోయింది.

అంతకుముందు నేను షాద్‌నగర్‌లో ఒక పెద్దాయనను చూసుకున్నాను. ఆయనది వాస్కులర్ డిమెన్షియా, అంటే మెదడుకు రక్తం సరిగా అందక వచ్చే మతిమరుపు. "అంగీ తీసుకో సారూ" అని చెప్పి ఆగితే, ఆలస్యంగానైనా తీసుకునేవాడు. ఆ అలవాటుతోనే అవ్వకు "దువ్వెన తీసుకో" అని చెప్పి ఆగాను. నేను ఆగిన కాసేపట్లోనే ఆ మాట ఆమె మనసులోంచి పోయింది.

"ఏందే, నా మొకం జూస్తున్నవ్?" అంది.

ఇద్దరి సంగతీ చెప్పి డాక్టరమ్మను అడిగితే ఇలా చెప్పింది. "పని అయ్యేదాక మాటను మనసుల పట్టుకునుండే శక్తిని వర్కింగ్ మెమరీ అంటరు. ఆయనకు అది నెమ్మదైంది. ఈమెకు నిలుస్తలేదు. చేతులకు అలవాటైన పని మాత్రం చాన రోజులుంటది."

ఇంటికొచ్చి యాదమ్మను అడిగాను. "అక్కా, అవ్వతోని ఒక్కపారి రొట్టె జేపిస్త."

"మళ్ల కాల్చుకుంటే?"

"పొయ్యి మీద పెంక కాడ నేనుంట. అవ్వ రొట్టెలు గొట్టే పీట కాడనే ఉంటది."

యాదమ్మ గడప మీద కూర్చున్న అవ్వ వైపు చూసింది. "ఒక్కపారే. ఏమన్నయితే ఇంక పొయ్యి ముచ్చట ఎత్తొద్దు."

వేడినీళ్ళలో ఉప్పు నేనే కలిపి పెట్టాను. డబ్బాలు, గిన్నెలు అన్నీ కంటికి కనబడకుండా తీసేశాను. అవ్వ ముందు పిండి ఒక్కటే ఉంచి నీళ్ళు పోశాను. చేతులు వాటంతట అవే కలపసాగాయి. అంతలో వెనక నుంచి యాదమ్మ, "అమ్మా, మంచిగ పిసుకు, ఉండ జెయ్యి, కింద పొడిపిండి సల్లు" అని ఒక్కసారిగా చెప్పేసింది. అవ్వ చేతులు ఆగిపోయాయి. కళ్ళలో బెదురు.

యాదమ్మను ఊరుకోమని సైగ చేసి, పిండి ముద్ద తీసి అవ్వ అరచేతిలో పెట్టాను. నోటితో ఏమీ చెప్పలేదు. కాసేపటికి పీట మీద చప్పుడు మొదలైంది. రొట్టె గుండ్రంగా తిరుగుతూ పెరిగింది. దాన్ని నేను పెంక మీద వేశాను.

"గట్ల జూస్తవేందే? నీకు రొట్టె జెయ్యనొస్తదా?"

"రాదవ్వా."

"మరి నిన్నెవరు పనికి వెట్టుకున్నరే?"

యాదమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. అవ్వ మొదటి రొట్టె తుంచి నా చేతిలో పెట్టింది. తర్వాత తానూ తిన్నది, కడుపునిండా. తింటూ తింటూ అడిగింది.

"గీ రొట్టెలు ఎవరు జేసిన్రే?"

"నువ్వే అమ్మా," అంది యాదమ్మ.

"గందుకే గింత మంచిగున్నయ్."

మర్నాడు యాదమ్మ తనే పీట తెచ్చి అవ్వ ముందు వేసింది.

మతిమరుపు అంతా ఒకటే కాదని నాకు అక్కడ తెలిసింది. ఒకరికి మాట చెప్పి ఆగాలి. ఇంకొకరికి మాట మాని, వస్తువు చేతిలో పెట్టాలి. ఇప్పుడు ఏ ఇంట్లో చేరినా, ఈ చేతులు ఇన్నేళ్ళూ ఏం పని చేశాయని అడుగుతాను. ఆ మొదటి రొట్టె ఎవరికి పెట్టిందో అవ్వకు గుర్తులేదు. నాకుంది.