రాని బండి సంగతి

లాల్‌దర్వాజాలో మా ఆఫీసు ఒక పాల దుకాణం పై అంతస్తులో ఉంది. ఈ పొద్దున మెట్లెక్కుతుంటే కింద గిన్నెలో పాలు అడుగంటిన వాసన వచ్చింది. ఆ వాసన తగిలిందంటే చాలు, నా చెవులు విజయక్క గొంతు కోసం వెతుకుతాయి. "తమ్మీ, మళ్ల మాడగొట్టినవారా?" అని కిటికీలోంచి కేకేసేది. దుకాణం ఆమె తమ్ముడిదే. ఆమె చనిపోయాక ఇది రెండో వానాకాలం. ఇప్పుడు పాలు మాడినా అడిగేవాళ్లు లేరు.

విజయక్క నా మొదటి బాస్. బర్రెలున్న ఇంట్లో పుట్టి, పొద్దున్నే పాలు పితికి కాలేజీకి వెళ్లి కంప్యూటర్లు చదువుకున్న మనిషి. ఫలక్‌నుమా నుంచి నడిచే లోకల్ రైళ్ల సమయాలు చెప్పే చిన్న యాప్ తయారు చేసి, దాని కోడ్‌ను అందరికీ కనబడేలా ఒక సైటులో పెట్టింది. మా జీతాలు వేరే పనుల మీద వచ్చేవి గానీ ఆమె ప్రాణమంతా ఆ యాప్ మీదే. వాడేవాళ్లు తమ ఫిర్యాదులు ఆ సైటులోనే రాసేవారు. అవి కుప్పలుగా పడి ఉండేవి.

కొత్తలో నాకు తొందర ఎక్కువ. ఆ సైటుతో మన ప్రోగ్రామే నేరుగా మాట్లాడేలా చేసే లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్, ఒకటి ఉందని తెలిసి, దాంతో స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం రాశాను. చాలాకాలంగా ఎవరూ పలకరించని ఫిర్యాదులను వెతికి దానంతట అదే మూసేస్తుంది. గొప్పగా అక్కకు చూపించి నడపబోతే చెయ్యి పట్టుకుంది.

"ఆగు పిల్లా. దూడను ఇడిసినవా?"

"దూడేంది అక్కా?"

"చెంబు పట్టుకోని పోంగనే బర్రె పాలిస్తదా? ముందుగాల దూడను ఇడువాలె. అది రెండు గుక్కలు తాగినంక బర్రె సేపుతది, పొదుగుల పాలు దిగుతయి. అప్పుడు పిండాలె. నీ స్క్రిప్టు గూడ గంతే. ముందుగాల ఏం జేస్తదో చూపియ్యుమను. దేన్నీ ముట్టద్దు."

అలా మా స్క్రిప్టులో 'దూడ' అనే మాట వచ్చి చేరింది. ఆ మాట జోడించి నడిపితే, ఏయే ఫిర్యాదులు మూతపడబోతున్నాయో తెర మీద చూపించి ఊరుకుంటుంది. ప్రతి సోమవారం అక్క చాయ్ తాగుతూ వాటిని రాసినవాళ్ల పేర్లన్నీ పైకి చదివేది. "ఈయన కోపం మీదున్నడు, ముందు జవాబియ్యి. ఈమెది అయిపోయింది, చెప్పి మూసెయ్." చిటికెలో అయ్యే పనికి ఇంత హంగామా దేనికని నేను గొణిగేదాన్ని. "మూసుడు అల్కనే పిల్లా. రాసినోల్లకు చెప్పకుండ మూస్తే మొకం మీద తలుపేసినట్టే" అనేది. నాకు చచ్చేంత విసుగొచ్చేది. ఇప్పుడు ఆ విసుగు కూడా తీపిగానే గుర్తొస్తుంది.

ఒంట్లో బాగులేక ఇంట్లోనే ఉండిపోయిన రోజుల్లో అక్క కూడా ఒక ఫిర్యాదు రాసి, దాన్ని సరిచెయ్యాల్సిన మనిషిగా నా పేరు పెట్టింది. "వచ్చే బండి చెప్తున్నం. రద్దయిన బండి సంగతి చెప్తలేం. టేషన్ల నిలబడ్డోల్లకు రాదని గూడ చెప్పాలె." నేను ఫోన్ చేసి, "నువ్వొచ్చినంక ఇద్దరం కూసోని జేద్దం అక్కా" అన్నాను. "సరే, ఫికర్ చెయ్యకు. వస్త" అంది. రాలేదు.

ఆ తర్వాత 'దూడ' నడిపినప్పుడు ఆ ఫిర్యాదు కూడా వరసలో కనబడడం మొదలైంది. కనబడ్డప్పుడల్లా దాని కింద "చూస్తున్నా" అని ఒక ముక్క రాసేదాన్ని. పలకరింపు పడింది కాబట్టి స్క్రిప్టు దాన్ని వదిలేసేది. పని పెద్దదేమీ కాదు, ఒక పూట చాలు. కానీ పని పూర్తయితే ఫిర్యాదు మూసెయ్యాలి. అక్క నాకు అప్పగించిన చివరి పని అది. అది తెరిచి ఉన్నంతకాలం ఆమె నన్ను ఇంకా అడుగుతున్నట్టే ఉండేది. ఆ అడగడం ఆగిపోతుందంటే నాకు భయం.

ఈ పొద్దున సైటు తెరిస్తే, ఆ ఫిర్యాదు కింద ఎవరో కొత్తావిడ రాసింది. రద్దయిన బండి కోసం ఫలక్‌నుమాలో పసిపిల్లను ఎత్తుకుని వానలో నిలబడిందట. "చూస్తున్నా, చూస్తున్నా అని ఇన్నిసార్లు రాసిన్రు. ఏం చూస్తున్రు మేడం?"

ఏమని చెప్పను? రాని మనిషి కోసం చూస్తున్నానని చెప్పలేను కదా. కూర్చున్న చోటు నుంచి లేవకుండా పని పూర్తి చేశాను. సాయంత్రానికి యాప్‌లో రద్దయిన బండి పక్కన "ఈ బండి రాదు" అని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ముందు ఆ తల్లికి జవాబు రాశాను. తర్వాత, స్క్రిప్టుకు వదలకుండా, "అక్కా, అయిపోయింది. రాదని ఇప్పుడు చెప్తున్నం" అని రాసి నా చేత్తోనే మూశాను. మూసి, బాగా ఏడ్చాను.

'దూడ' మాత్రం మా స్క్రిప్టులో అలాగే ఉంది. వచ్చే సోమవారం ఆ వరసలో అక్క పేరు ఉండదు. చాయ్ పక్కన పెట్టుకుని మిగతా పేర్లన్నీ పైకే చదువుతాను.